కోసింది కాదు, తుప్పు

పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. అలా అన్నవాళ్ళెవరూ అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఫిల్మ్ నగర్ వాలు దిగి ఉండరు.

మొన్న పొద్దున మా కాలనీ గ్రూపులో అతని ఫోటో వచ్చింది. చేతిలో పానా, బుగ్గ మీద నల్లటి చార, మెడలో ఎర్ర గుడ్డ. కింద "మన అభిమాన మెకానిక్ పాత్రధారి ఇక లేరు" అని రాశారు. దాని వెనకే ఒక సినిమా ముక్క. కారు కింద నుంచి అతను పాక్కుంటూ బయటికొస్తాడు. హీరో తండ్రి వైపు తల తిప్పుతాడు. ఊపిరి బిగపట్టి అంటాడు: "బ్రేకులు ఫెయిలవలేదు సార్... ఎవరో కోసేశారు!" ఇక చూసుకోండి, దండాల బొమ్మలు వరస కట్టాయి. ఒకాయన "ఆ గొంతు మరిచిపోగలమా" అన్నాడు. ఇంకొకావిడ "ఆ కంచు కంఠం మూగబోయింది" అంది.

ఏడిసినట్టుంది! ఆ కంఠమేమీ మూగబోలేదు. అప్పుడే లేచి, పళ్ళు తోముకుని, కాఫీ కోసం వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ గొంతు నాది.

నేను డబ్బింగ్ చెప్పేవాణ్ణి. తెర మీద ఎవరివో పెదాలు కదులుతుంటే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి మాట నేను చెబుతాను. అతనికి ఇరవై పైచిలుకు సినిమాల్లో చెప్పాను. అన్నిట్లోనూ అతను మెకానిక్కే. అన్నిట్లోనూ ఇంచుమించు అదే మాట. మా సినిమావాళ్ళ సంగతి తెలిసిందేగా, ఒకడు ఒక్కసారి పూజారి వేషం వేసి జనం మెచ్చుకుంటే వాడు చచ్చేదాకా గంట వాయించాల్సిందే. ఇతనికి పానా దొరికింది.

అసలు గొంతు ఎలా ఉండేదంటారా? తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కునే బూర ఉంటుంది చూడండి, అదీ. మొదటిసారి డబ్బింగ్ థియేటరుకి చూడటానికని వచ్చాడు. నేను నాలుగు టేకులు చెప్పి చెమట తుడుచుకుంటూ బయటికొస్తే, రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"నా గొంతు చాలా బాగా చెప్పారు గురువుగారూ!" అన్నాడు.

నా గొంతట! అద్దెకి దిగినవాడు ఇంటికి తన పేరు పలక తగిలించుకున్నట్టు. ఆ రోజే నాలుగు దులపాల్సింది. నా మొహమాటం మండ, నవ్వి ఊరుకున్నాను.

అంతటితో పోతే ఇంత చెప్పేవాణ్ణి కాదు. మెకానిక్ వేషాలు వేసీ వేసీ, తను నిజంగా మెకానిక్కేననుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే స్టూడియో దారిలో ఛాయ్ బండి దగ్గర నిలబడేవాడు. నీలం చొక్కా, మెడలో ఆ ఎర్ర గుడ్డ. చేతులకి ఏ మరకా లేకపోయినా ఆ గుడ్డతో తుడుచుకుంటూనే ఉండేవాడు. ఎవరైనా కారు ఆపితే చాలు, వెళ్ళి బానెట్‌కి చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ మూసుకోవడం కూడా కెమెరా ఎటుందో చూసుకుని మూసుకున్నట్టే ఉండేది. కాసేపటికి కళ్ళు తెరిచి "ఊఁ... పనుంది" అనేవాడు. ఏం పని అని అడిగితే మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు.

జేబులో ఎప్పుడూ ఒక పానా. దాంతో టైరు మీద కొట్టేవాడు. చప్పుడు వచ్చేది కాదు. ఎందుకొస్తుంది? అది ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళు రబ్బరుతో పోసి వెండిరంగు పూసిన పానా. సినిమాలో ఆ "టంగు"మనే చప్పుడు తరవాత వేరే వాళ్ళు కలుపుతారు. మాట నాది, చప్పుడు ఇంకొకరిది, మసి మేకప్ వాళ్ళది. అతనిదంటూ ఉన్నది ఆ ఎర్ర గుడ్డ ఒక్కటే. ఒకసారి ఆఫీసుల చుట్టూ వేషాల కోసం బయల్దేరుతూ ఎదురయ్యాడు. బుగ్గ మీద నల్లటి చార ఉంది. దగ్గరగా చూద్దును కదా, కాటుక.

మరి ఇంత తెలిసినవాణ్ణి నేనెలా పడ్డాను అంటే, అదే చెబుతున్నాను. అతన్ని ఎంత తిట్టినా అందులో సగం నాకే తగులుతుంది.

నాకో పాత తెల్ల కారుంది. దాని మొదటి యజమాని ఎక్కడో సముద్రం ఒడ్డున ఉండేవాడు. పైన తళతళా మెరుస్తుంది, కింద మాత్రం ఉప్పుగాలికి తుప్పే తుప్పు. పైన పటారం, లోన లొటారం. ఐదారేళ్ళ కిందట ఒకరోజు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. రెండోసారి తొక్కితే ఆగింది. బండి నిలిపిన చోట నేల మీద చెమ్మ.

షేక్‌పేటలో యాదగిరి అని మా పాత మెకానిక్ ఉన్నాడు. అతను కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో పైపును గీకి బయటికొచ్చాడు. అరచేతిలో ఎర్రటి పొట్టు చూపించాడు.

"తుప్పు సార్. పైపులు మొత్తం తిన్నది. ముంగట్నుంచి ఎనకదాంక లైన్లన్ని కొత్తయి ఎయ్యాలె. అతుకులు నడ్వయి. గీ బండికి నాలుగు చక్రాలకు ఆయిల్ పోయే తొవ్వ ఒక్కటే. యాడ పగిలినా బ్రేకే ఉండదు."

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు దినాలు బండి ఈడ ఇడ్వాలె."

రెండు రోజులు కుదరదు, పంతులమ్మ ఉద్యోగం చేసే మా ఆవిడని బడి దగ్గర దింపాలి, నాకు డబ్బింగు ఉంది, వచ్చే వారం తెస్తానని చెప్పి జాగ్రత్తగా నడుపుకుంటూ ఇంటికొచ్చాను. మా గేటు ముందు అతను నిలబడి ఉన్నాడు. ఖర్మ!

సంగతి చెప్పాను. ఎర్ర గుడ్డ నేల మీద పరిచి, పడుకుని, తల మాత్రం కారు కిందికి పెట్టాడు. లేచి అటూ ఇటూ చూశాడు. నా చెవి దగ్గరికొచ్చి అన్నాడు: "గురువుగారూ... కోసినట్టుంది."

"తుప్పని చెప్పాడయ్యా యాదగిరి."

"తుప్పా? బ్రేకులకి తుప్పేమిటండీ! నా సర్వీసులో ఇన్ని బ్రేకులు చూశాను, ఒక్కదానికి తుప్పు చూశానా?"

నిజమే. సినిమాల్లో బ్రేకులకి తుప్పు పట్టదు. తుప్పుకి విలన్ ఉండడు, తుప్పుని ఆఖరి సీన్లో కొట్టడానికి వీలుండదు. అతని సర్వీసులో బ్రేకు పోయిందంటే ఎవడో కోసినట్టే. మా వాచ్‌మన్ వైపు కనుబొమలెగరేసి "అతని మీద ఓ కన్నేసి ఉంచండి" అన్నాడు. ఆ వాచ్‌మన్ పాపం మా ఆవిడకి కరివేపాకు కోసిపెట్టడం తప్ప జన్మలో ఇంకేమీ కోసి ఎరగడు.

అప్పుడు నాకు నవ్వు రావాలి కదా? రాలేదు. డబ్బింగ్ చెప్పేవాణ్ణి చంపితే ఎవరికేం ఒరుగుతుంది? అయినా ఆ మాట వినగానే లోపలెక్కడో చిన్న గర్వం. నన్ను చంపాలనుకునేవాడు కూడా ఒకడున్నాడన్నమాట! పైగా ఆ మాటలు నాకు కొత్తవి కావు. ఇరవైసార్లు నేనే చెప్పాను, గుండె మీద చెయ్యేసుకుని, నిజమని నమ్మి చెప్పాను. అతని బూర గొంతులోంచి వస్తున్నా నాకు నా కంచు కంఠమే వినిపించింది. నన్ను నేనే నమ్మేశాను. సిగ్గుచేటు.

మిగతాది అతనే చూసుకున్నాడు. చెమ్మ తుడిచి, ఏదో అంటుకునే మందు పూసి, నల్ల టేపు చుట్టి, పైన వెండిరంగు వేశాడు. పైపు కొత్తదానిలా మెరిసింది. మా ఆవిడ వంగి చూసి, "తుప్పు కళ్ళకి కనబడుతుంటే కోసేవాడెక్కణ్ణించి వచ్చాడండీ?" అంది. నేను "నీకు తెలీదులే" అన్నాను. మగాడి తలకాయ!

మూడో రోజు పొద్దున మా ఆవిడ ముందు సీట్లో, అతను వెనక సీట్లో. తనని షేక్‌పేట దగ్గర దింపమన్నాడు. మా వీధి మలుపు తిరిగితే వాలు మొదలవుతుంది. సగం దిగాక బ్రేకు తొక్కాను. పెడల్ నేలకి తగిలింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ నేలే. కింద అడ్డరోడ్డు మీద స్టూడియో వ్యాను ఒకటి, దాని వెనక రెండు ఆటోలు. గేరు రెండులోకి లాగాను, బండి అరిచింది. హ్యాండు బ్రేకు లాగాను, కొంచెం తగ్గింది. ఎడమవైపు ఎవరో కడుతున్న బంగళా ముందు ఇసక కుప్ప కనబడితే దేవుడా అని అందులోకి తిప్పాను. జూబ్లీహిల్స్‌లో ఎవడో ఒకడు ఎప్పుడూ ఇల్లు కడుతూ ఉండబట్టి బతికాం.

మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. నొప్పికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడతనేం చేశాడో తెలుసా? దిగాడు. గుడ్డ పరిచాడు. కారు కింద తల పెట్టాడు. ముక్కుకి ఇసక అంటుకుని బయటికొచ్చి, నా వైపు తల తిప్పి, ఊపిరి బిగపట్టి, "బ్రేకు పోయిందండీ" అన్నాడు.

చంపేద్దామనిపించింది. నాకంటే ముందు మా ఆవిడే అందుకుంది.

"అన్నయ్యగారూ, ఆ గుడ్డ తీసి అవతల పారెయ్యండి" అంది. గొంతు పెంచలేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు అది. "మీరు అతికించిన బండే కదా ఇది? ఆ పైపులన్నీ మీ చేత్తో మీరే మార్చండి. యాదగిరి దగ్గర నేర్చుకుంటారో ఎవరి కాళ్ళు పట్టుకుంటారో మీ ఇష్టం. మార్చాక ఇదే వాలు ముందు సీట్లో కూర్చుని మీరు దిగండి. దిగితే ఎక్కుతాను. లేకపోతే ఈ జన్మలో ఆ కారూ ఎక్కను, మీ మొహమూ చూడను." తరవాత నా వైపు తిరిగి, "మీ మొహం కూడా" అంది.

ఆమె ఉత్తినే అనే మనిషి కాదు. బడికి ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంట్లో నాతో మాటలు లేవు. ఉప్పు కావాలంటే నేనే లేచి తెచ్చుకోవాలి. నాలుగు రోజులయ్యాక అతను వచ్చాడు. బుగ్గ మీద కాటుక లేదు. "యాదగిరి దగ్గరికి వెళదాం గురువుగారూ" అన్నాడు.

యాదగిరి అతన్ని ఎగాదిగా చూశాడు. "గీయనా? సినిమాల మస్తు జూసిన. బండి కిందికెళ్ళి బయటికి ఎళ్ళుడే గని బండి కిందికి పోవుడు ఎన్నడన్న జూసిన్రా?" అని నన్నే అడిగాడు. అవును కదా అనుకున్నాను. సినిమాలో కెమెరాకి అతను బయటికి రావడం కావాలి. లోపలికి పోయే పని అతనికెప్పుడూ పడలేదు. జేబులోని పానా తీసి యాదగిరి వంచాడు. అది వంగింది. "అబ్బో! రబ్బరుదా? మా మనవరాలికి ఇస్త" అని షెడ్డు చూరులో దోపేశాడు.

రెండు రోజుల పని ఐదు రోజులైంది. నేను రోజూ వెళ్ళి స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి, అతను అవస్థ పడుతుంటే చూడాలని. ఎందుకు దాచాలి? చూసి సంతోషించాను కూడా. మొదటి రోజు తుప్పు పొట్టు కళ్ళలో పడి బొటబొటా నీళ్ళు. నట్లు కదల్లేదు, కిరసనాయిలు పోసి నానబెట్టి తిప్పితే పానా జారి వేళ్ళ చర్మం లేచింది. ఈసారి ఇనప పానా. తను వేసిన వెండిరంగేనా ఇది అన్నట్టు ఆ టేపు ముక్క పట్టుకుని కాసేపు చూశాడు.

పాత పైపు ఊడదీసి నేల మీద పరిచి, దాన్ని చూస్తూ కొత్తది అదే వంపులో వంచాలి. "నిమ్మలంగ వంచు. ముడత వడ్డదంటే రేపు ఆడ్నే పగుల్తది" అని యాదగిరి మొత్తుకుంటూనే ఉన్నాడు. రెండు పైపులు ముడత పడ్డాయి. పైపు కొసని గంట మూతిలా విప్పాలి, నట్టు పట్టడానికి. అది మూడుసార్లు చీలింది. చీలినప్పుడల్లా యాదగిరి ఒక తిట్టు, అతను ఒక "సరేనండి". నాలుగోసారి కుదిరింది. యాదగిరి వేలితో తడిమి, ఈసారి తిట్టకుండా పక్కకి పెట్టాడు.

ఐదో రోజు పైపుల్లోంచి గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర మర విప్పి, ఆయిల్‌తో పాటు వచ్చే గాలిబుడగల్ని సీసాలోకి వదిలి, మళ్ళీ బిగించాలి. తొక్కేవాడు మధ్యలో కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. సీట్లో నేను, కింద అతను. నాకు అతను కనబడడు. గొంతే.

"కొట్టండి గురువుగారూ... కొట్టండి... కొట్టండి... పట్టండి. వదలకండి."

కింద సుయ్యిమని చప్పుడు.

"వదలకండి... వదలకండి... ఆఁ, వదలండి."

అలా నాలుగు చక్రాలకీ. నాకు పిక్కలు లాగేశాయి. నా జీవితమంతా తెర మీద అతని పెదాలు చూసి నేను మాట చెప్పాను. ఇప్పుడతను మాట చెబుతుంటే నేను కాలు కదుపుతున్నాను. చివరికి యాదగిరి వంగి సీసా చూసి, "ఇగ చాలు, వచ్చెయ్" అన్నాడు.

"ఒక్క బుడగుందండీ" అన్నాడు కింది నుంచి.

"ఒక్కటుంటే ఏమైతది?"

"ఇంకొక్కసారండీ. చెల్లెమ్మగారు కూర్చునే బండి. గురువుగారూ, కొట్టండి."

ఆ బూర గొంతు ఆ క్షణం నాకు నచ్చింది. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసు రాదు.

మర్నాడు పొద్దున వాలు కింద, ఇసక కుప్ప పక్కన మా ఆవిడ కట్టు చెయ్యి మెడకి వేలాడేసుకుని నిలబడింది. పైన కారులో నేను, నా పక్కన అతను. అతనికి బండి నడపడం రాదని అప్పుడే తెలిసింది. ఇరవై పైచిలుకు సినిమాల మెకానిక్కు! డాష్‌బోర్డు రెండు చేతులా పట్టుకున్నాడు. గోళ్ళ నిండా నలుపు, వేళ్ళకి పట్టీలు. ఈసారి కళ్ళు మూసుకుంది కెమెరా కోసం కాదు.

"ఆగుతుందంటావా?" అని అడిగాను.

"నాకు తెలీదండీ" అన్నాడు.

ఎన్నేళ్ళ పరిచయం, అతను నాతో అన్న మొట్టమొదటి నిజం అది. బ్రేకు మీంచి కాలు తీశాను. బండి జారింది. సగం దిగాక తొక్కాను. పెడల్ రాయిలా తగిలింది, బండి నిలబడిపోయింది, అతని నుదురు వెళ్ళి అద్దానికి కొట్టుకుంది. "ఆగింది! గురువుగారూ, ఆగింది!" అని వీధి వీధంతా వినేట్టు కూత పెట్టాడు. ఒక కుక్క మొరిగింది. మా ఆవిడ నడిచి వచ్చి అతని వైపు తలుపు తీసింది. బొప్పి కట్టిన నుదురు చూసింది, చేతులు చూసింది. "వెనక్కెళ్ళి కూర్చోండి అన్నయ్యగారూ, నాకు బడికి టైమవుతోంది" అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఉప్పు తనే అందించింది.

దాంతో బాగుపడ్డాడనుకునేరు! ఆ తరవాత చెడిపోయాడు. ఛాయ్ బండి దగ్గర ఎవరైనా బండి చూడమంటే "యాదగిరి దగ్గరికి తీసుకెళ్ళండి" అనేవాడు. కొన్నాళ్ళకి ఒక కొత్త డైరెక్టరు పిలిచి అదే వేషం, అదే మాట ఇచ్చాడట. ఇతను కారు కింద నుంచి బయటికొచ్చి, "ఇది కోసింది కాదండీ, తుప్పు. కోస్తే కొస నున్నగా ఉంటుంది" అన్నాడట. డైరెక్టరు నవ్వి, మళ్ళీ చెప్పమన్నాడు. ఇతను మళ్ళీ తుప్పేనన్నాడు. మధ్యాహ్నం భోజనాలకల్లా ఆ నీలం చొక్కా ఇంకొకడికి తొడిగారు. బుద్ధుందా మనిషికి? అతని వేషం పోతే నా డబ్బింగూ పోయినట్టేనని ఆలోచించాడా? ఆ కబురు విని మూడు రోజులు తిట్టుకున్నాను. ఆ తరవాత అతనికి పెద్దగా వేషాలు రాలేదు. యూసుఫ్‌గూడలో ఎక్కడో గది మార్చాడన్నారు. నేను వెళ్ళి చూడలేదు. వెళ్ళాల్సింది.

మొన్న కాఫీ తాగి, గ్రూపులో "ఆ గొంతు నాది" అని టైపు చేశాను. ఇన్నేళ్ళుగా ఏ సినిమా చివరా నా పేరు వెయ్యలేదు, ఇక్కడైనా వేసుకుందామని. పంపబోతుంటే మా ఆవిడ బడికి టైమైందంది. ఫోను జేబులో పెట్టుకుని బండి తీశాను. మలుపు తిరిగి వాలు దిగాను. ఇసక కుప్ప ఉన్నచోట ఇప్పుడు పెద్ద బంగళా, ఇత్తడి గేటు. అడ్డరోడ్డు దగ్గర బ్రేకు తొక్కాను. బండి ఆగింది. ఐదారేళ్ళుగా రోజూ ఆగుతున్నట్టే ఆగింది. మా ఆవిడ డాష్‌బోర్డు మీద చెయ్యి వేసింది.

ఆమెని దింపి, బండి పక్కకి పెట్టి, రాసింది చెరిపేశాను. "ఆయన గొంతు అది కాదండీ. సన్నగా, బూర ఊదినట్టు ఉండేది" అని పంపాను.

వెంటనే ఎవరో అడిగారు: "ఇంతకీ మీరెవరండీ?"

"ఆయన బ్రేకు పైపులు వేసిన కారు నాది" అని రాశాను.

జోకనుకున్నట్టున్నారు, నవ్వే బొమ్మలు వరస కట్టాయి.